మారిషస్ చక్కెర మిల్లు శిథిలాల్లో: తిరుపతి ప్రసంగ పాఠం

(తిరుపతిలో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. పెద్దలకు నమస్కారం. నా పాత విద్యార్థులు కొందరు వచ్చినట్టున్నారు, వాళ్ళకీ. ఏమప్పా, కాలేజీలో వెనక బెంచీ, ఇక్కడా వెనక బెంచీయేనా? ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి.

కార్డులో నా పేరు కింద "మారిషస్ యాత్రా విశేషాలు" అని వేశారు. యాత్రా విశేషాలంటే బీచీలు, ఏడు రంగుల మట్టి, తాబేళ్ళు. అవన్నీ యూట్యూబ్‌లో నాకంటే బాగా చూపిస్తారు. నేను చెప్పబోయేది ఒక పాడుబడిన చక్కెర మిల్లు గురించి. మిల్లు, దాని చుట్టూ అడవి, ఆ అడవిలో రాళ్ళు. రాళ్ళ గురించి ఇంతసేపు ఏం వింటాం అంటారా? మాది పెనుమూరు పక్క పల్లె. చెరకు కొట్టిన ఇల్లు, గానుగ ఆడించిన ఇల్లు. ఆ రాళ్ళ మధ్య నిలబడితే నాకు హిస్టరీ లెక్చరర్ కళ్ళతో కనిపించినదానికంటే గానుగ కాడ పెరిగిన కళ్ళతో కనిపించిందే ఎక్కువ. అది చెప్పడానికే వచ్చాను.

ముందు ఆ మిల్లులు ఎందుకొచ్చాయో చెప్పుకుందాం. తొందరగానే చెప్తాను, పాఠం చెప్పను, భయపడకండి.

మారిషస్‌కి చెరకు తెచ్చింది డచ్చివాళ్ళు, 1639లో. తర్వాత ఫ్రెంచివాళ్ళు వచ్చారు. 1810లో ఇంగ్లీషువాళ్ళు లాక్కున్నారు. అప్పటికీ అది పెద్ద చక్కెర దీవి కాదు. 1825లో లండన్‌లో ఒక సంతకం పడింది. వెస్టిండీస్ చక్కెర మీద ఎంత సుంకమో మారిషస్ చక్కెర మీదా అంతే సుంకం అన్నారు. అంతే, దీవి మొత్తం చెరకైపోయింది. 1850లు ముగిసేసరికి 250కి పైగా మిల్లులు. ఎంత దీవి అది? మన పాత చిత్తూరు జిల్లాలో ఎనిమిదో వంతు ఉంటుంది. దాంట్లో 250 మిల్లులు! ఇప్పుడు ఎన్ని నడుస్తున్నాయో తెలుసా? మూడు.

మరి ఆ చెరకు నరికింది ఎవరు? మొదట బానిసలు. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి తెచ్చినవాళ్ళు. కొందరు మన దేశం నుంచి కూడా. 1835 ఫిబ్రవరి 1న అక్కడ బానిసత్వం రద్దయింది. 60 వేల మందికి పైగా విముక్తి. నష్టపరిహారం ఇచ్చారు, 20 లక్షల పౌన్లకు పైగా. ఎవరికిచ్చారు? చెప్పండి, ఎవరికి? అవునమ్మా, సరిగ్గా చెప్పారు. యజమానులకు. బానిసను పోగొట్టుకున్నందుకు యజమానికి పరిహారం. బానిసకు పైసా లేదు.

రద్దు ఖాయమని తెలియగానే తోటల వాళ్ళు ముందే మన దేశం వైపు చూశారు. 1834 నవంబర్ 2న అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి పోర్ట్ లూయిస్ చేరింది. దాంట్లో 36 మంది. ఛోటా నాగ్‌పూర్ వైపు కొండజాతుల వాళ్ళు. ఐదేళ్ళ ఒప్పందం, నెలకు ఐదు రూపాయలు. వాళ్ళను ఆంత్వానెత్ అనే తోటకు తోలుకుపోయారు. ఆ 36 మందితో మొదలై 1910 దాకా నాలుగున్నర లక్షల మంది. అందులో మద్రాసు రేవు నుంచి, కోరంగి లాంటి మన ఉత్తర రేవుల నుంచి పోయినవాళ్ళు లక్షకు పైనే. విశాఖపట్నం, గంజాం, గోదావరి, తంజావూరు, ఆర్కాట్లు. ఆర్కాటు అంటే? చిత్తూరు జిల్లా 1911లో పుట్టింది కదా. అంతకుముందు చిత్తూరు ఎక్కడుంది? ఉత్తర ఆర్కాటులో. కాబట్టి ఓడ రిజిస్టర్లలో చిత్తూరు జిల్లా కోసం వెతక్కండి, దొరకదు. ఉత్తర ఆర్కాటు కింద చిత్తూరు తాలూకా అని ఉంటుంది.

సరే, ఇక మిల్లు దగ్గరికి పోదాం.

దీవికి ఈశాన్యాన, సముద్రానికి దగ్గరగా, బ్రా దో అనే చోటు ఉంది. ఇప్పుడది నేషనల్ పార్కు, 2011లో ప్రకటించారు. ఒకప్పుడు చెరకు తోట, మిల్లు. 19వ శతాబ్దం రెండో సగంలో మూతపడి, ఆ భూమి సర్కారు అడవి అయింది. చెరకు ఉన్నచోట ఇప్పుడు మహాగని, నీలగిరి చెట్లు. అక్కడికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఒక పిట్ట కోసం వస్తారట. మన తలకోనలో కనిపించే తోకపిగిలి పిట్టకు వరసకు చుట్టం. కాకపోతే దీనికి ఆ పొడుగు తోక ఉండదు. మా గైడు కూడా మొదట పిట్ట గురించే మొదలుపెట్టాడు. "అయ్యా, మాకు పిట్ట వద్దు, సున్నపు బట్టీ చూపించు" అన్నాను. విచిత్రంగా చూశాడు. చూడడా మరి? విమానమెక్కి వచ్చి సున్నపు బట్టీ అడిగేవాణ్ణి ఎన్నడు చూసుంటాడు!

దారి పొడుగునా రాతి గోడలు. నల్ల రాయి, అగ్నిపర్వతం రాయి. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి పేర్చిన గోడ. నాచు పట్టింది, వేర్లు దూరాయి, అయినా నిలబడి ఉంది. మిల్లు గోడలు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల కుప్పగా పడిపోయాయి. నేను ఒక మూల దగ్గర కూర్చుని చాలాసేపు చూశాను. మూలకు వాడిన రాళ్ళు ఉలితో నున్నగా చెక్కినవి. మధ్యలో గోడకు వాడినవి దొరికినవి దొరికినట్టు. ఒక మూలరాయి అంచు మీద ఉలి దెబ్బలు వరసగా, ఏటవాలుగా, వేలితో తడిమితే ఒక్కొక్కటీ తెలుస్తోంది. చెక్కినవాడు కుడిచేతి వాటమని కూడా చెప్పొచ్చు. పేరు మాత్రం ఎక్కడా లేదు.

ఇక సున్నపు బట్టీ. చక్కెర మిల్లుకు సున్నపు బట్టీ ఎందుకండీ? గోడలకు అంటారు. గోడలకూ కావాలి. కానీ గానుగ ఆడించినవాళ్ళు ఇక్కడ ఉంటే వాళ్ళకు వెంటనే తెలుస్తుంది. ఎవరైనా ఉన్నారా? అదిగో, చెయ్యెత్తారు. ఎందుకన్నా సున్నం? మడ్డి విరగడానికి! అంతే. చెరకు రసం పెనంలో పోసి కాస్తే పైకి మడ్డి తేలాలి, దాన్ని దేవేయాలి. దానికి కొంచెం సున్నపు నీళ్ళు పోస్తాం, బెండ కాడల జిగురు పోసేవాళ్ళూ ఉన్నారు. సున్నం తక్కువైతే రసం పులిసి పాకం గడ్డ కట్టదు, ఎక్కువైతే బెల్లం నల్లబడుతుంది. అక్కడా అదే పని. మన దగ్గర దోసెడు సున్నం చాలు. అక్కడ మిల్లుకు బట్టీయే కావాలి. సముద్రంలో పగడపు రాళ్ళు పెకలించి తెచ్చి కాల్చేవాళ్ళు. అంటే ఏమిటి? తెల్ల చక్కెర అని లండన్‌లో టీలో కలుపుకున్న చెంచాలో చెరకు నరికినవాడి పనే కాదు, సముద్రంలో నడుములోతు దిగి పగడం తవ్వినవాడి పని కూడా ఉంది. ఆ సంగతి నాకు ఏ పుస్తకంలోనూ తట్టలేదు, బట్టీ చూస్తే తట్టింది.

రసం కాచే పద్ధతి కూడా చెప్తాను, ఒక్క నిమిషం. మన గానుగ కాడ ఒక పొయ్యి, ఒక పెద్ద పెనం. వాళ్ళ పాత మిల్లుల్లో బానలు వరసగా ఉండేవి, పెద్దదాని నుంచి చిన్నదానికి. కింద ఒకే సొరంగంలా పొయ్యి. మంట చిన్న బాన కింద, వేడి వరసంతా పాకుతూ పోయి చివర చిమ్నీలోంచి బయటికి. రసం చిక్కబడేకొద్దీ పెద్ద గరిటెలతో తోడి పక్క బానలో పోయాలి. చివరి బాన దగ్గర నిలబడ్డవాడికి ఎలా ఉంటుందో నాకు తెలుసు. మా నాయన పాకం పట్టేవాడు. పాకం చిట్లి మోచేతి మీద పడితే చర్మంతో సహా వస్తుంది. మంటకు వాడేది రెండు చోట్లా పిప్పే. తిప్పడానికి మొదట గాలి, నీళ్ళు, ఎడ్లు. 1822 నుంచి అక్కడ ఆవిరి యంత్రాలు వచ్చాయి, ఆ తర్వాతే ఆ ఎత్తు చిమ్నీలు.

చిమ్నీల గురించి నాకొక ఫిర్యాదు ఉంది. ఎయిర్‌పోర్టు నుంచి ఎటు పోయినా చెరకు తోటల మధ్యలో ఒంటరిగా రాతి చిమ్నీలు కనిపిస్తాయి. మిల్లు పోయింది, చిమ్నీ మిగిలింది. 1892 ఏప్రిల్ 29న వచ్చిన తుఫానుకు పోర్ట్ లూయిస్‌లో చాలాభాగం కూలిపోయి వెయ్యి మందికి పైగా చనిపోయారు. అలాంటి తుఫాన్లు తట్టుకుని నిలబడ్డ చిమ్నీలు ఉన్నాయి. వారసత్వ కట్టడాలుగా వాటిని కాపాడుతున్నారు, మంచిదే. ఫోటోకి బాగుంటుంది, ఆకాశం, చెరకు, చిమ్నీ. కొత్త పెళ్ళికొడుకులు, పెళ్ళికూతుళ్ళు అక్కడ ఫోటోలు దిగుతున్నారు. సంతోషం. కానీ పనివాళ్ళు ఉన్న లైన్లు ఏవి? గడ్డి కప్పులు, మట్టి గోడలు, అవెందుకు నిలబడతాయి? త్రియానోన్ అనే చోట రాతితో కట్టిన కూలీల బారకాసులు మిగిలాయి, అర్ధచంద్రాకారం కప్పుతో, చిన్న చిన్న గదులు. అలాంటివి చాలా అరుదు. బ్రా దోలో పురావస్తు పరిశోధకులు ఈమధ్య కూలీల కేంపు ఉన్నచోటు తవ్వి చూశారు. అలా తవ్వితే తప్ప కనపడదు. యజమాని చిమ్నీ మైలు దూరం నుంచి కనపడుతుంది, కూలివాడి గుడిసె మోకాళ్ళ మీద కూర్చుని తవ్వితే గానీ కనపడదు. అందుకే శిథిలాలు చూడబోతే తల ఎత్తడం తగ్గించాలి అంటాను నేను.

ఇంకొకటి ఉంది, అది తవ్వక్కర్లేదు. చెరకు తోటల మధ్యలో నల్ల రాళ్ళ గుట్టలు. కొన్ని చిన్నవి, కొన్ని ఇంటి ఎత్తు, మెట్లు మెట్లుగా పేర్చినవి. టూరిస్టులు అవి గుళ్ళా, సమాధులా అని అడుగుతారట. ఏం గుళ్ళు? చేను బాగుచేస్తే వచ్చిన రాళ్ళు! మదనపల్లె, పలమనేరు వైపు పోండి, గట్ల మీద రాళ్ళ గుట్టలు ఉంటాయా లేదా? రైతు తన చేలో రాయి ఏరి గట్టున వేస్తాడు. అక్కడ మొదట బానిసలు, ఆ తర్వాత మనవాళ్ళు, పరాయివాడి చేలో ఏరారు. తట్టలో, నెత్తిన. ఆ దీవిలో నాకు అన్నిటికంటే పెద్ద కట్టడం ఏది అంటే ఆ గుట్టలే అంటాను.

ఫ్యాను కొంచెం తగ్గిస్తారా బాబూ, వెనక వాళ్ళకు వినపడటం లేదంటున్నారు. ఆ, చాలు.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి. ఆ కేంపుల్లో బతుకు ఎలా ఉండేది? జీతం ఐదు రూపాయలు అన్నాను. బియ్యం, పప్పు, ఉప్పు, కొంచెం నూనె రేషను. ఒకరోజు పనికి రాకపోతే ఎన్ని రోజుల జీతం కోస్తారు? ఒకరోజు అంటారు మీరు. అక్కడ రెండు రోజులు. జ్వరమొచ్చి పది రోజులు పడుకుంటే ఇరవై రోజుల కూలి పోయినట్టే. నెలాఖరుకు చేతికేం వస్తుంది? తిరిగి అప్పు. 20వ శతాబ్దం వచ్చేదాకా ఇది చట్టమే. జ్వరం అంటే మామూలు జ్వరం కాదు. 1866, 67లలో మలేరియా వచ్చి దీవిలో పదుల వేలమంది పోయారు.

అదే 1867లో ఇంకో చట్టం. ఐదేళ్ళ ఒప్పందం అయిపోయి బయటికి వచ్చినవాడు కూడా ఫోటో అంటించిన టికెట్టు జేబులో పెట్టుకు తిరగాలి. పోలీసు అడిగితే చూపించాలి. లేకపోతే దేశదిమ్మరి అని లోపల వేస్తారు. ఎందుకు? స్వతంత్రంగా బతకలేక మళ్ళీ తోటలోకి వచ్చి సంతకం పెట్టాలని. ఆలోచించండి. 1867లో, మన ఊళ్ళో జమీందారుకు కూడా ఫోటో లేని రోజుల్లో, చెరకు నరికే కూలివాడికి ఫోటో ఉంది. గౌరవించడానికి కాదు, పట్టుకోవడానికి.

ఇక్కడ ఆగుతాను. ఇక్కడ ఆగకపోతే మీరు ఇంటికి వెళ్ళి "అయ్యో పాపం" అనుకుంటారు. నాకు అది ఇష్టం లేదు. ఈ విషయం మీద మన దగ్గర రెండు రకాల ఉపన్యాసాలు ఉన్నాయి. ఒకటి, తెలుగువాడు సముద్రాలు దాటి జెండా పాతాడు అని. 1990లో మారిషస్‌లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు, 2012లో ఇక్కడే మన తిరుపతిలో నాలుగోవి. ఆ సభల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్నామో! రెండోది, పాపం అమాయకులు, మోసపోయారు, బానిసలయ్యారు అని. మొదటిదాంట్లో కూలివాడు లేడు. రెండోదాంట్లో కూలివాడు ఉన్నాడు గానీ వాడికి నోరు లేదు.

వాడికి నోరు ఉంది. 1871లో పాత కూలీలు గవర్నరుకు ఒక పెద్ద అర్జీ పెట్టారు. పోలీసుల వేధింపులు, టికెట్టు చట్టం, అన్నీ రాసి. అర్జీ రాసిపెట్టింది అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అని ఒక తెల్ల తోటదారు. అతన్ని సాటి తోటదారులు వీధిలో కొట్టారు. సరే, అతన్ని తలుచుకోవాలి. కానీ ఆ అర్జీ కింద ఎంతమంది ఉన్నారో తెలుసా? 9,401 మంది. ఫోను లేదు, బస్సు లేదు, తోట దాటితే టికెట్టు అడిగే పోలీసు. ఆ పరిస్థితిలో కేంపు కేంపుకూ కాగితం తిరిగింది. తిప్పింది ఎవరు? రాత్రిపూట నడిచింది ఎవరు? ఆ అర్జీ మూలంగానే రాయల్ కమిషన్, అంటే లండన్ వేసిన విచారణ సంఘం, వచ్చింది, 1875లో రిపోర్టు ఇచ్చింది, చట్టాలు కొంత మెత్తబడ్డాయి. కొంతే.

ఇంకో పక్క, 19వ శతాబ్దం చివరికి చక్కెర ధర పడిపోయింది, తోటదారులు భూమిని ముక్కలు చేసి అమ్మడం మొదలుపెట్టారు. కొన్నది ఎవరు? వీళ్ళే. ఐదు రూపాయల్లో మిగిల్చి, చీటీలు కట్టి, ఆవును పెట్టుకుని పాలు అమ్మి. తోటదారు వదిలేసిన రాళ్ళ భూమి, ఎవరు ఏరిన రాళ్ళో వాళ్ళకు తెలిసిన భూమి. ఇది జెండా పాతడం కాదు, మోసపోవడమూ కాదు. మన పల్లెల్లో ఒక కూలి కుటుంబం రెండు తరాల్లో ఎకరా కొనడం చూశాం కదా, ఆ తెలివే అది.

దేవుళ్ళను కూడా తీసుకుపోయారు. తోటల అంచున చెట్టు కింద చిన్న గుళ్ళు ఉంటాయి, కాళిమాయి అంటారు. ఉత్తరాది వాళ్ళు మొదలుపెట్టినవి, కానీ అన్ని భాషల వాళ్ళూ మొక్కుతారు. ఒకదాంట్లో చూశాను, వరసగా ఏడు రాళ్ళు, కుంకుమ. ఏడుగురు అక్కచెల్లెళ్ళు అన్నారు. తాతయ్యగుంట గంగమ్మ ఊరి వాళ్ళకు ఏడుగురు అక్కచెల్లెళ్ళ గురించి నేను చెప్పాలా! తెలుగువాళ్ళకు అమ్మోరు పండగ వేరే ఉంది, సింహాద్రి అప్పన్న గుళ్ళు ఉన్నాయి, రామభజన ఉంది. ఉగాదికి అక్కడ సర్కారు సెలవు.

చివరగా మన సంగతి రెండు మాటలు. చిత్తూరు షుగర్ ఫ్యాక్టరీ, గాజులమండ్యం ఫ్యాక్టరీ, రెండూ మూతపడి ఏళ్ళు గడిచాయి. ఎందుకు మూతపడ్డాయి అనేది వేరే సభ పెట్టుకుందాం, అది గొడవల సభ. నేను అడిగేది ఒకటే. క్రషింగ్ రోజుల్లో గేటు దగ్గర బండ్లు కిలోమీటర్ల కొద్దీ నిలిచేవి. చిన్నప్పుడు నేను చెరకు లోడు మీదే పడుకున్నాను, ఎడ్లు కింద నెమరేస్తుంటే. కాటా దగ్గర తూకం వేసేవాడు, బాయిలరు దగ్గర నిలబడ్డవాడు, టన్నుకు ఎంత ఇస్తారో అని నోటీసు బోర్డు ముందు నిలబడ్డ రైతు, వాళ్ళు ఇంకా ఉన్నారు. ఈ హాల్లోనే ఉండొచ్చు. ఫోను అందరి చేతిలో ఉంది. ఒక గంట కూర్చోబెట్టి మాట్లాడించి రికార్డు చెయ్యండి. మారిషస్‌లో వాళ్ళు బ్రష్షులు పట్టుకుని మట్టి గీకి వెతుకుతున్నదాన్ని మనం టీ ఇచ్చి అడిగితే చెప్తారు.

ఇంట్లో ఎవరైనా "మా తాత తమ్ముడు మోరీసు పోయి రాలేదు", "నాటాలు పోయాడు" అని విన్నవాళ్ళు ఉంటే, వాళ్ళ కోసం. మారిషస్ అయితే మోకాలో మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఉంది, వలస రిజిస్టర్లు అక్కడే. ఒక్కొక్కరికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, కులం, వయసు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు, ఊరు, ఓడ పేరు. నాటాలు అంటే ఇప్పటి దక్షిణాఫ్రికా డర్బన్ వైపు. అక్కడికి మొదటి ఓడ ట్రూరో, మద్రాసు నుంచే, 342 మందితో 1860 నవంబర్ 16న చేరింది. 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా పోయారు, వాళ్ళలో మన ఉత్తర ఆర్కాటు వాళ్ళు చాలా ఎక్కువ. ఆ ఓడల జాబితాలూ ఉన్నాయి. ఫిజీకి మద్రాసు నుంచి 1903లో మొదలైంది. వెతికేటప్పుడు పేరు ఒక్కటే పట్టుకుని కూర్చోకండి. రాసుకున్న గుమాస్తా తెలుగు రానివాడు, వెంకటప్ప ఎన్ని రకాలుగా ఉంటాడో ఊహించుకోండి. తండ్రి పేరు, ఊరు, సుమారు ఏ కరువు ఏడాది పోయాడో, ఈ మూడూ ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి ముందు రాసుకోండి. ధాత కరువు అని ముసలివాళ్ళు చెప్తే అది 1876, 77 లెక్క.

ఇంక నేను ఆపుతాను, లైబ్రరీ మూసే టైమవుతోంది. ప్రశ్నలు ఉంటే అడగండి. సున్నం గురించి అన్న ఏదో చెప్పాలనుకుంటున్నారు, మైకు ముందు ఆయనకు ఇవ్వండి.